అంబాసిడర్ ర్యాకు విప్పాం, రండి చూద్దురుగాని

అంబాసిడర్ కారు స్టీరింగు ఎప్పుడైనా పట్టుకున్నారా మీరు? పక్కన కూర్చోవడం కాదు. వెనక సీట్లో ఆరుగురు ఇరుక్కుని పెళ్ళికి పోవడం అసలే కాదు. చక్రం పట్టుకుని బండి నడపడం. నడిపి ఉంటే నేను చెప్పబోయేది మీ అరచేతులకే గుర్తుంటుంది. స్టీరింగు ఇటు కొంచెం తిప్పుతారు, కారు పట్టించుకోదు. ఇంకొంచెం తిప్పుతారు, అప్పుడు వింటుంది. మళ్ళీ తిన్నగా రావాలంటే అటు కూడా అంతే తిప్పాలి. మా ఊరు న్యాల్‌కల్ నుంచి జహీరాబాద్ చేరేలోపు రోడ్డు తిన్నగా ఉన్నా డ్రైవరు చేతులు మాత్రం ఊరుకోవు.

"పాత బండి గదా, గట్లనే ఉంటది" అంటారు అందరూ.

ఆ మాట వింటేనే నాకు ఒళ్ళు మండుతుంది. ఎందుకుంటది గట్ల? ఫ్యాక్టరీ నుంచి వచ్చిన రోజున ఆ స్టీరింగు ఎంత బిగువుగా ఉండేదో తెలుసా? వేలితో ఇంత కదిపితే చక్రం అంతా కదిలేది. అరిగిన నాలుగు ముక్కలు మారిస్తే ఇవాళ కూడా అట్లాగే కదులుతుంది. ఆ నాలుగు ముక్కల ముచ్చటే ఇది. చాయ్ పెట్టుకున్నారా? పెట్టుకుని రండి, ఒక్క గుక్కలో అయ్యేది కాదు.

ముందు బండిని పరిచయం చెయ్యనివ్వండి. మా చిన్నాయనది. 1972 మోడలు, మార్క్ టూ. తెల్ల రంగు. మరి ఇంకే రంగుంటుంది లెండి! చింతచెట్టు కింద రేకుల షెడ్డులో ఉంటుంది. పండక్కి కడుగుతాడు, పెళ్ళికి తీస్తాడు, కోపం వస్తే పోయి అందులో కూర్చుంటాడు. అమ్మమని బీదర్ నుంచి కూడా మనుషులొచ్చారు. చాయ్ తాగించి పంపించాడు.

ఈ కారు కథ మీకు తెలిసే ఉంటుంది. అయినా చెప్తా, చెప్పకపోతే నాకు తోచదు. పశ్చిమ బెంగాల్లో ఉత్తర్‌పారా అనే ఊళ్ళో హిందుస్థాన్ మోటార్స్ వాళ్ళు 1957లో మొదలుపెట్టారు, 2014 మే నెల దాకా చేస్తూనే ఉన్నారు. ఇంగ్లండులో మోరిస్ ఆక్స్‌ఫర్డ్ మూడో సిరీస్ అని ఒక కారుండేది, దాని అచ్చే ఇది. ఇంగ్లీషు వాళ్ళు దాన్ని 1959లోనే ఆపేశారు. మనవాళ్ళు మాత్రం మరో యాభై అయిదేళ్ళు వదల్లేదు. కలెక్టరు దాంట్లోనే వచ్చేవాడు, ఎమ్మెల్యే దాంట్లోనే వచ్చేవాడు, పెళ్ళికొడుకూ దాంట్లోనే వచ్చేవాడు. గుంటల రోడ్డుకు అదే, చెరుకు తోట గట్టుకూ అదే.

ఇప్పుడు అసలు సంగతి. అంబాసిడర్‌లో ఉండేది ర్యాకు స్టీరింగు. ఇది చాలామందికి తెలియదు! పాత బండి అనగానే స్టీరింగు బాక్సే అనుకుంటారు. పద్మిని కారుకు అట్లాగే ఉండేది, మరలు కోసిన ఇరుసు, దాన్నానుకుని ఇంకో ముక్క, అక్కణ్ణుంచి చేతులు, కడ్డీలు. అంబాసిడర్‌కు ఆ తతంగం లేదు. ఒక పొడుగాటి గొట్టం. అందులో పళ్ళు కోసిన ఉక్కు కడ్డీ, అదే ర్యాకు. స్టీరింగు ఇరుసు చివర చిన్న పళ్ళ చక్రం, అది పినియన్. పినియన్ తిరిగితే కడ్డీ అటో ఇటో జరుగుతుంది. కడ్డీ రెండు చివర్లకు రెండు టై రాడ్లు, అవి చక్రాలను లాగుతాయి, తోస్తాయి. అంతే. ఇంత సులువైన ఉపాయం ఇంకొకటి చూపించండి నాకు!

కొత్త ఉపాయమూ కాదు. కార్ల్ బెంజ్ 1886లో పేటెంటు తీసుకున్న మూడు చక్రాల బండిలోనే ముందు చక్రాన్ని తిప్పడానికి పళ్ళ కడ్డీ పెట్టాడు. ఫ్రాన్సులో సిట్రోయెన్ వాళ్ళ ట్రాక్షన్ అవాంత్‌కు 1936లో వచ్చింది. ఇంగ్లండులో అలెక్ ఇసిగోనిస్ అనే మహానుభావుడు 1948లో బయటికొచ్చిన మోరిస్ మైనర్‌కు పెట్టాడు. ఆ మైనర్ మన దేశంలోనూ తయారైంది, బేబీ హిందుస్థాన్ పేరుతో. అంటే మన రోడ్ల మీద ర్యాకు స్టీరింగు మారుతీ వచ్చాక పుట్టింది కాదు. మారుతీ 1983 చివర్లో వచ్చింది. అప్పటికి మన తాతలు ర్యాకు తిప్పీ తిప్పీ అరగదీసేశారు కూడా.

అరగదీశారు అన్నాను గదా. ఎక్కడ అరిగిందో కనిపెట్టడంలోనే ఉంది మజా అంతా.

చిన్నాయన బండికి స్టీరింగు ఆట ఎక్కువైందని తేలగానే ఊళ్ళో తలో మాట. ర్యాకు మొత్తం మార్చెయ్యమని ఒకరు. టై రాడ్ ఎండ్లు వేస్తే చాలని ఒకరు. గ్రీజు కొట్టి వదిలెయ్యమని ఇంకొకరు. న్యాల్‌కల్లో సలహాలకు కరువా? మా మెకానిక్ ఉస్తాద్ మాత్రం ఎవరి మాటా వినలేదు. జహీరాబాద్ నుంచి బస్సులో వచ్చాడు, చంకలో సంచీ, సంచీలో పానాలు, పేచ్‌కస్, సన్నటి సందులు కొలిచే ఫీలర్ గేజ్. వస్తూనే చిన్నాయనను సీట్లో కూర్చోబెట్టాడు.

"పటేల్, స్టీరింగు జర ఊపుతా ఉండు. ఎక్కువొద్దు. ఇంత, ఇంతే" అని తను బండి కిందికి దూరాడు.

ఇదిగో, ఈ పద్ధతి నేర్చుకోండి. ఇద్దరు మనుషులు చాలు, ఏ మిషనూ అక్కర్లేదు. పైన ఒకరు స్టీరింగును కొద్దిగా అటూ ఇటూ ఊపుతూ ఉండాలి. చక్రాలు నేల మీదే ఉండాలి. కింద ఉన్నవాడు ఒక్కొక్క కీలు మీద చెయ్యి వేసి చూడాలి. రెండు ముక్కలు కలిసేచోట వేళ్ళు పెడితే ఒక ముక్క ముందు కదిలి రెండోది ఆలస్యంగా కదలడం చర్మానికే తెలుస్తుంది. చిన్న టిక్కు. కంటికి కనిపించదు, వేలికి తెలుస్తుంది. స్టీరింగు ఇరుసు దగ్గర మొదలుపెట్టి చక్రం దాకా పోవాలి, ఏ కీలునూ వదలకూడదు.

నన్నూ కిందికి రమ్మన్నాడు ఉస్తాద్. ఎడమ పక్క లోపలి బాల్ జాయింటు, రబ్బరు బూటు పైనుంచే పట్టుకోమన్నాడు. పట్టుకున్నా. టిక్కు, టిక్కు! ఆ ఆనందం ఏమని చెప్పను? దొంగ దొరికాడన్నమాట.

అయితే ఒక్క దొంగను పట్టుకుని సంబరపడిపోతే పప్పులో కాలేసినట్టే. అంబాసిడర్‌లో కింగ్ పిన్ను అని ఇంకొకటుంది. ముందు చక్రం తిరిగేది దాని మీదనే. అది అరిగితే వచ్చే ఊపు కూడా అచ్చం స్టీరింగు ఆటలాగే తోస్తుంది. చక్రం జాకీ మీద లేపి, పైనా కిందా పట్టుకుని ఊపండి. ఊగితే కింగ్ పిన్ను మీదో బేరింగు మీదో అనుమానపడాలి. పక్కలు పట్టుకుని ఊపండి. అప్పుడు మాత్రమే ఊగితే టై రాడ్ దిక్కు చూడాలి. ఇది చూడకుండా ర్యాకు విప్పినవాళ్ళు ఎంతమందో! వేలకు వేలు పెట్టి ర్యాకు బాగుచేయించి, బండి ఇంకా ఊగుతోందని ర్యాకునే తిడతారు. పాపం ర్యాకు.

సరే, విప్పాం. షెడ్డులో పాత బల్ల మీద గోనెసంచి పరిచి పడుకోబెట్టాం. మొదట రబ్బరు బూట్లు తియ్యాలి. మడతలు మడతలుగా ఉండే రబ్బరు తొడుగులు, ర్యాకు రెండు చివర్లకూ ఉంటాయి. కుడి పక్కది బాగుంది. ఎడమ పక్కది చిరిగి, ఆ చిరుగుకు ఎవరో సైకిలు ట్యూబు ముక్క చుట్టి తీగ కట్టారు. తీగ తెంపి లాగితే లోపలి నుంచి ఏం కారిందనుకున్నారు? నూనె కాదు. నల్లరేగడి మట్టి, ఎర్రమట్టి కలిసిన బురద. మా జహీరాబాద్ దిక్కు రెండు నేలలూ ఉంటాయి గదా, రెండింటినీ రుచి చూసిందా ర్యాకు. వేళ్ళ మధ్య రుద్ది చూస్తే సన్నటి ఇసుక గరగర. ఈ గరగరే బాల్ జాయింటును తినేసింది.

కాబట్టి గుర్తుపెట్టుకోండి, ర్యాకులో అన్నిటికన్నా చవకైన ముక్క ఈ రబ్బరు బూటు. అన్నిటికన్నా ఖరీదైన ముక్కలను కాపాడేదీ అదే. బండి కింద చూసిన ప్రతిసారీ బూటు మడతలు విప్పి చూడండి. పగుళ్ళు మడత లోపలే మొదలవుతాయి, పైకి బాగానే కనిపిస్తుంది.

కడగడం నా పని. గాసునూనె, పాత పళ్ళ బ్రష్షు, గుడ్డపేలికలు. ఇంట్లో వాళ్ళు ముక్కు మూసుకున్నారు, మూసుకోనివ్వండి. ముక్క మీద ముక్క మెరుస్తూ బయటికొస్తుంటే గాసునూనె వాసన కూడా కమ్మగానే ఉంటుంది నాకు. ఒక్కొక్కటీ ఏ క్రమంలో విప్పామో ఆ క్రమంలోనే పళ్ళెంలో పేర్చుకోవాలి. ముఖ్యంగా షిమ్ములు, అంటే పల్చటి రేకు బిళ్ళలు. ఎక్కడి షిమ్ము అక్కడే ఉండాలి, కలిస్తే గోవిందా.

ఇక ర్యాకు పళ్ళు. ఇక్కడ కొంచెం సేపు ఆగుదాం, నాకు బాగా ఇష్టమైన చోటిది.

కడ్డీని గుడ్డతో తుడిచి వెలుతురుకు పట్టుకోండి. చివర్ల దగ్గరి పళ్ళు చూడండి, కొత్తగా కోసినట్టు అంచులు పదునుగా ఉంటాయి. ఇప్పుడు నడుమకు రండి. నడుమ నాలుగైదు పళ్ళు నున్నగా, మెరుస్తూ, కొంచెం పల్చబడి ఉంటాయి. పాత ఇంటి గడప నడిమధ్యన అరిగి గుంతపడి ఉంటుంది చూడండి, అట్లా. ఎందుకు? ఏ బండైనా బతుకంతా నడిచేది తిన్నగానే గదా! పూర్తిగా తిప్పేది సందులో మళ్ళించేటప్పుడో, షెడ్డులో పెట్టేటప్పుడో. మిగతా వేల మైళ్ళూ పినియన్ ఆ నడిమి పళ్ళ మీదనే అటింత ఇటింత ఆడుతూ ఉంటుంది. గుంటలో చక్రం పడ్డ ప్రతిసారీ ఆ దెబ్బ కూడా వాటి మీదికే వస్తుంది.

దీంతో ఒక చిక్కుంది. ర్యాకు వెనక ఒక ప్లంజర్ ఉంటుంది, స్ప్రింగు దాన్ని ర్యాకు వీపు మీదికి నొక్కుతుంది, ర్యాకు పినియన్‌కు అదుముకుని ఉంటుంది. పైన మూత, మూత కింద షిమ్ములు. స్టీరింగు ఆట తగ్గాలంటే చాలామంది మెకానిక్కులు చేసే పనేమిటి? ఒక షిమ్ము తీసేసి మూత బిగించెయ్యడం. అయిదు నిమిషాల పని, డబ్బులు చేతిలో పడతాయి. తిన్నగా పోయేటప్పుడు స్టీరింగు బిగువుగా ఉంటుంది, మీరూ సంతోషిస్తారు. మలుపు వచ్చిందాకా!

మలుపులో పినియన్ పోయి అరగని పళ్ళ మీద ఎక్కుతుంది. అవి ఇంకా లావుగానే ఉన్నాయి గదా. నడుమ పళ్ళకు సరిపెట్టిన బిగువు అక్కడ పట్టేస్తుంది. స్టీరింగు బరువెక్కుతుంది. మలుపు దాటాక తనంతట తాను తిన్నగా రావలసిన చక్రం రాదు, మనమే లాక్కురావాలి. చెరుకు ట్రాక్టరు ఎదురొచ్చినప్పుడు ఈ ఆలస్యం ఎంత ప్రమాదమో నేను చెప్పనక్కర్లేదు. అందుకే ఉస్తాద్ ముందు నడిమి పళ్ళ దగ్గర చూశాడు, తర్వాత ఈ చివరి నుంచి ఆ చివరి దాకా పినియన్ తిప్పాడు, మళ్ళీ నడుమకు తెచ్చాడు. ఎక్కడా పట్టకుండా, ఎక్కడా వదులు కాకుండా వచ్చే బిగువు దొరికితే ఆ ర్యాకు ఇంకా బతికే ఉన్నట్టు. దొరక్కపోతే ఏ షిమ్మూ దాన్ని కాపాడదు, వేరే ర్యాకు వెతుక్కోవాలి.

మాది బతికే ఉంది! నడుమ అరిగింది గాని కొంచెమే. చిన్నాయన మొహం చూడాలి అప్పుడు.

ఊళ్ళో ఒకాయన అప్పటికే సలహా చెప్పి ఉన్నాడు, అరిగిన పళ్ళ మీద వెల్డింగు పోసి ఆకురాయితో రుద్దితే కొత్తవైపోతాయని. బాబూ, మీకు పుణ్యముంటుంది, ఆ పని ఎన్నడూ చెయ్యకండి. పళ్ళకు ఫ్యాక్టరీలో గట్టిదనం ఎక్కిస్తారు, వెల్డింగు వేడికి అది కాస్తా పోతుంది. పక్కనే పగులు పుట్టినా తెలియదు. ట్రాలీకి వెల్డింగు పెట్టుకోండి, గేటుకు పెట్టుకోండి, నాగలికి పెట్టుకోండి. స్టీరింగు ముక్కకు మాత్రం వద్దు. ఈ ఒక్క మాటలో నేను మెత్తబడను.

మరి ఏవి మార్చాలి? మేం మార్చినవి చెప్తా వినండి.

మొట్టమొదట లోపలి బాల్ జాయింట్ల కప్పులు. టై రాడ్ చివర గుండ్రటి గోళీ ఉంటుంది, అది కప్పులో కూర్చుని తిరుగుతుంది. దాని చుట్టూ ఒక పెద్ద నట్టు లాంటి గూడు. గూడు బిగించాక వదులు కాకుండా అంచును పంచ్‌తో పొడిచి లాకు చేస్తారు. మా ర్యాకు గూడు అంచు మీద వేరు వేరు చోట్ల పోట్లున్నాయి. అంటే మాకన్నా ముందే ఎవరో విప్పారు, మళ్ళీ బిగించారు. ఎవరా మేస్త్రీ? ఏ ఊళ్ళో? అతని సుత్తి దెబ్బలు ఇంకా అక్కడే ఉన్నాయి, ఒకటి కొంచెం పక్కకు జారింది కూడా. నేను వాటిని చూస్తూ కూర్చుంటే ఉస్తాద్ "చదువుతున్నావా భాయ్?" అన్నాడు. చదువుతున్నా మరి!

కప్పు లోపల ఒక పక్క గీత పడి ఉంది, గోరుతో గీస్తే ఆగుతోంది. గోరు ఆగిందంటే ఆ కప్పు పనైపోయినట్టే. గోళీ మాత్రం గుండ్రంగానే ఉంది, కాలిపర్సు పెట్టి అన్ని వైపులా కొలిచాం, తేడా లేదు. కాబట్టి గోళీని ముట్టుకోలేదు. కొత్త కప్పు పెట్టి బిగించాక పరీక్ష ఏమిటంటే, టై రాడ్‌ను అడ్డంగా పట్టుకుని వదిలితే అది తన బరువుకు తాను డభాలున జారిపడకూడదు. చేత్తో కదిపితే మాత్రం పట్టూ విడుపూ లేకుండా ఒకే బరువుతో కదలాలి. ఈ పరీక్ష నేనే చేశాను, అవసరమైన దానికన్నా ఎక్కువసార్లే చేశాను. ఎంత హాయిగా కదిలిందో!

రెండోది, పినియన్‌కు అవతలి చివర ర్యాకును మోసే బుష్షు. మన బండ్లకు స్టీరింగు కుడి పక్క గదా, పినియన్ కూడా ఆ పక్కే. ఎడమ చివర మాత్రం ర్యాకు ఈ బుష్షు మీదనే జారుతూ ఉంటుంది. అది అరిగితే కడ్డీ కిందికీ పైకీ టకటక కొట్టుకుంటుంది. గుంటల రోడ్డులో డ్యాష్‌బోర్డు కింద నుంచి టకటక వినిపిస్తే చాలామంది షాకబ్జార్లను అనుమానిస్తారు, పాపం అవి అమాయకులు. కొత్త బుష్షు దొరక్క లేతు షాపులో గన్‌మెటల్‌తో తిప్పించాం. టర్నర్ పని చూడటం ఇంకో పండగ. ఒక్క పొర తీస్తాడు, ర్యాకు దూర్చి చూస్తాడు, దూరదు. ఇంకో పొర, అంటే కాగితమంత. ఈసారి నూనె రాసిన కడ్డీ మెల్లగా, ఏ చప్పుడూ లేకుండా జారిపోతుంది. ఆ లేతు దగ్గర పొద్దంతా కూర్చోమన్నా కూర్చుంటాను.

జహీరాబాద్‌లో లేతులకు కొదవ లేదులెండి. బండ్లతో ఈ ఊరి చుట్టరికం ఇవాళ్టిది కాదు. హైదరాబాద్ ఆల్విన్ వాళ్ళు జపాను నిస్సాన్‌తో కలిసి ఎనభైల్లో ఇక్కడే చిన్న ట్రక్కులు తయారుచేశారు, ఆల్విన్ నిస్సాన్ అంటే పాతవాళ్ళకు ఇప్పటికీ గుర్తే. తర్వాత అది మహీంద్రా చేతికి పోయింది, ఇప్పుడు ట్రాక్టర్లూ ఇక్కడే వస్తున్నాయి. ఇంటికొకడికి కాకపోయినా వాడకొకడికి పానా పట్టడం తెలుసు.

మూడోది ఆయిల్ సీలు, బేరింగు. ఇక్కడ మీకు ఒక కిటుకు చెప్తా, ఉచితంగా. దుకాణానికి పోయి "అంబాసిడర్ స్టీరింగు సీలు ఉందా?" అని అడగొద్దు. కుర్ర సేల్స్‌మన్ మిమ్మల్ని ఎగాదిగా చూస్తాడు, లేదంటాడు. సీలు అంచు మీద అంకెలుంటాయి, లోపలి కొలత, బయటి కొలత, మందం. బేరింగు మీద నంబరుంటుంది. తుడిచి, కళ్ళజోడు పెట్టుకుని చదవండి. అరిగి చెరిగిపోతే కొలిచి రాసుకోండి. ఆ కొలత చెప్పండి. అదే సీలు ఏ మోటారు పంపుకో, ఏ పిండిమరకో వాడుతుంటారు, టక్కున తీసి ఇస్తాడు. కారు ఆగిపోయింది గాని దాని కొలతలు ఆగిపోలేదు.

మిగతావాటికి మాత్రం వేట తప్పదు. సికింద్రాబాద్ రాణీగంజ్, ఇటు కోఠి దగ్గర పుత్లీబౌలి. అటు పోతే విజయవాడ ఆటోనగర్. పాత ముక్క గుడ్డలో చుట్టుకుని సంచీలో వేసుకుని పోవాలి, ఫోన్లో ఫోటో చాలదు. పెద్దవయసు దుకాణదారుణ్ణి వెతకండి. అతను పాత ముక్కను చేతిలోకి తీసుకుని, తిప్పి, బరువు చూసి, "మార్క్ టూనా, మార్క్ త్రీనా?" అని అడిగాడంటే మీరు సరైన గడప తొక్కినట్టు. నిచ్చెనెక్కి, అటక మీద నుంచి దుమ్ము పట్టిన అట్టపెట్టె దింపుతాడు. మైనంకాగితం విప్పితే లోపల జిడ్డు పూసిన కొత్త టై రాడ్ ఎండు! దుమ్ము ఊదుకుంటూ ఇద్దరూ నవ్వుకుంటారు. బేరం ఆడటం కూడా మరిచిపోతారు, అతనికి కావలసిందీ అదే.

టై రాడ్ ఎండ్ల గురించి ఒక్క ముక్క. విప్పేటప్పుడు ఎన్ని చుట్లు తిరిగి ఊడిందో లెక్కపెట్టుకోండి, కొత్తది అన్నే చుట్లు ఎక్కించండి. అప్పుడు చక్రాల వరస మరీ చెడదు, అలైన్‌మెంట్ షాపు దాకా బండి బుద్ధిగా పోతుంది. నట్టుకు స్ప్లిట్ పిన్ను ఎప్పుడూ కొత్తదే. పాతది చక్కగా ఉందే అంటారా? ఉండనివ్వండి, పారెయ్యండి. నట్టు గాడికీ బోల్టు రంధ్రానికీ పొందిక కుదరకపోతే ఇంకొంచెం బిగించి కుదర్చాలి గాని, వదులు చేసి కుదర్చకూడదు. రూపాయి పిన్ను దగ్గర పిసినారితనం చేసేవాళ్ళతో నేను మాట్లాడను పొండి.

ఇక ప్లంజర్ బిగువు. అన్నిటికన్నా సున్నితమైన పని ఇదే. మోరిస్ వాళ్ళ పాత పద్ధతి ఇది. ముందు స్ప్రింగు లేకుండా ప్లంజర్, మూత పెట్టి, ర్యాకు కదలడం కొంచెం బరువయ్యేదాకా బిగించాలి. అప్పుడు మూతకూ కింది అంచుకూ మధ్య సందును ఫీలర్ గేజ్‌తో కొలవాలి. ఆ సందుకు అంగుళంలో వెయ్యోవంతులు రెండు నుంచి అయిదు కలిపి, అంత మందం షిమ్ములు వెయ్యాలి. స్ప్రింగు పెట్టి మూత బిగించాలి. మిల్లీమీటర్లలో చెప్పాలంటే 0.05 నుంచి 0.13. మీ తలవెంట్రుక మందమంత! మొత్తం బండి టన్నుకు పైనే బరువు, దాన్ని తిన్నగా నడిపించేది ఈ వెంట్రుకవాసి. ఇత్తడి షిమ్ము రేకు కొని, కత్తెరతో కత్తిరించి, అంచులు రుద్దుకుని వేశాం. ఉస్తాద్ ఫీలర్ గేజ్ ఆకును సందులో పెట్టి కళ్ళు మూసుకుని లాగుతాడు. కళ్ళెందుకు మూసుకుంటావంటే "వేలికి అడ్డమొస్తయి" అన్నాడు.

మధ్యలో హైదరాబాద్ ముచ్చట ఒకటి చెప్పనివ్వండి. చౌమహల్లా ప్యాలెస్‌కు పోయారా? నిజాంగారి పసుపుపచ్చ రోల్స్ రాయిస్ చూశారా? 1912 నాటిది, లోపల సింహాసనం లాంటి సీటు. ఊరేగింపులకే తప్ప బయటికి తీసేవాళ్ళు కాదు, పట్టుమని వెయ్యి మైళ్ళు కూడా తిరగలేదంటారు. అందమైన బండి, ఎంతసేపైనా చూడొచ్చు. కానీ నన్నడిగితే నాకు ఈ నడుమ అరిగిన పళ్ళ బండే ఎక్కువ ఇష్టం. ఆ అరుగుదలలో బీదర్ ఆసుపత్రికి పోయిన రాత్రులున్నాయి, ఉర్సుకు వచ్చిన చుట్టాలున్నారు, అప్పగింతల్లో ఏడ్చిన ఆడపిల్లలున్నారు.

చిన్నాయన కొడుకు ఇంకో సంగతి పట్టుకొచ్చాడు. 2021లో కేంద్రం పాత బండ్లకు కొత్త నిబంధన తెచ్చింది. యాభై ఏళ్ళు దాటితే వింటేజి కింద నమోదు చేయించుకోవచ్చు, నంబరులో వీఏ అనే అక్షరాలొస్తాయి. ఇంజను, ఛాసీ, బాడీ రూపం మార్చి ఉండకూడదు. మనది 1972 గదా, చేయిద్దామా? చిన్నాయన అంతా విని, "వింటేజి బండి రోజూ తిప్పొచ్చా?" అన్నాడు. తిప్పకూడదు. ప్రదర్శనకో ర్యాలీకో, లేదంటే పెట్రోలుకూ మరమ్మతుకూ మాత్రమే తియ్యాలి. "అయితే నాకొద్దు పో" అన్నాడు. సబబే! ఇంత కష్టపడి స్టీరింగు బిగించుకుని షెడ్డులో బొమ్మలా పెట్టుకుంటామా?

బిగించడం అయ్యాక ఒక పెద్ద తగాదా. నూనెనా, గ్రీజా? ఊళ్ళో సగం మంది గ్రీజు పక్షం. డబ్బా డబ్బా దట్టించమంటారు. నేను, ఉస్తాద్ నూనె పక్షం. గ్రీజును పళ్ళు ఒకసారి పక్కకు తోసేశాయంటే అది అక్కడే గోడకు అంటుకుని కూర్చుంటుంది, పళ్ళు పొడిగా మిగులుతాయి. నూనె అయితే బండి ఊగినప్పుడల్లా అటూ ఇటూ పారి అన్ని పళ్ళనూ తడుపుతుంది, బుష్షు దాకా పోతుంది, గోళీ కప్పులోకి దిగుతుంది. మోరిస్ వాళ్ళ పాత పుస్తకం కూడా గేర్ ఆయిల్ 90 అనే చెప్తుంది. ఒక పక్క బూటు బిగించి, ర్యాకును ఏటవాలుగా నిలబెట్టి, రెండో పక్క నుంచి కొంచెం కొంచెంగా పొయ్యాలి. తర్వాత ఆ పక్క బూటు క్లిప్పు.

ఇక్కడ మీరు కుర్రాళ్ళను గట్టిగా హెచ్చరించాలి. ముందు చక్రాలు జాకీ మీద గాల్లో ఉన్నప్పుడు, స్టీరింగు తేలిగ్గా తిరుగుతోంది గదా అని ఈ చివరి నుంచి ఆ చివరికి గిరగిర తిప్పుతారు వాళ్ళు. వద్దు! లోపలి నూనె అంతా ఒక్కసారి ఒక పక్క బూటులోకి ఉరుకుతుంది, బూటు ఉబ్బి ఫట్టుమంటుంది. కొత్త బూటు, కొత్త నూనె, కొత్త చొక్కా మూడూ పోతాయి.

అలైన్‌మెంటుకు చిన్నాయన జహీరాబాద్ పోదామన్నాడు. పోయే ముందు ఉస్తాద్ తన పద్ధతిలో దారం కట్టాడు, వెనక చక్రం నుంచి ముందు చక్రం దాకా, రెండు పక్కలా. దారానికీ ముందు చక్రం అంచులకూ మధ్య దూరం స్కేలుతో కొలిచి, టై రాడ్‌ను పావు చుట్టు ఇటు, పావు చుట్టు అటు తిప్పి సరిచేశాడు. షాపులో కంప్యూటరు కాస్తే మార్చింది. ఉస్తాద్ ఏమీ అనలేదు గాని మీసం మాత్రం ఒకసారి సవరించుకున్నాడు.

అక్కణ్ణుంచి తిన్నగా రేజింతల్. సిద్ధి వినాయకుడికి చూపించందే చిన్నాయన ఏ బండినీ ఊళ్ళోకి తీసుకురాడు. టైర్ల కింద నిమ్మకాయలు, ముందు అద్దానికి పసుపు కుంకుమ, బానెట్ మీద కొబ్బరికాయ కొడతానంటే "రంగు పోతది, నేల మీద కొట్టు" అని కసిరాడు. తిరుగు ప్రయాణంలో స్టీరింగు నాకిచ్చాడు.

అడగరేం, ఎట్లా ఉందని? రెండు వేళ్ళు చాలు! ఇటు ఇంత అంటే బండి ఇటు ఇంత వచ్చింది, అడగ్గానే వచ్చింది. చెరువు కట్ట మలుపులో తిప్పి వదిలితే చక్రం నా అరచేతుల్లోంచి జారుకుంటూ తనే తిన్నగా వచ్చి నిలబడింది. వెనక సీట్లోంచి చిన్నాయన, "చేతులు ఊరికే పెట్టుకో, అదే పోతది" అన్నాడు.

మీ దొడ్లో కూడా టార్పాలిన్ కింద ఒకటుందని విన్నాను. మార్క్ ఫోరట గదా? ముందు ఆ బూటు మడతలు విప్పి చూడండి. చూసి చెప్పండి, ఆదివారం ఉస్తాద్ ఇటే వస్తున్నాడు.